ప్రయత్నానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలు

మా కోడలు ఇంగ్లీషు మాట్లాడాలంటే ముందు నేను ఆకురాయి పట్టుకోవాలి. ఎలా మొదలైందో గానీ మా ఇద్దరికీ అలా అలవాటైపోయింది.

నాది తాళంచెవుల పని. ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ దగ్గర బల్ల, బల్లకి బిగించిన వైసు, గోడ నిండా మేకులు. ఒక వరస మేకులకి తాళం పోయిన చెవులు, ఇంకో వరసకి చెవి పోయిన తాళాలు. కొడుకు లారీ నడుపుతాడు. ఇంట్లో కన్నా దారిలోనే ఎక్కువ ఉంటాడు. కోడలు ఆసుపత్రిలో నర్సు. మనవరాలికి ఇంకా జడకి సరిపడా జుట్టు రాలేదు. మా ఆవిడ మాటల మనిషి. ఇంటికి ఒక నోరు చాలని పెళ్లయిన కొత్తలోనే నాకు తెలిసిపోయింది.

కోడలు పనిచేసే ఆసుపత్రి చేతులు మారింది. కొత్త యజమానులు వస్తూనే నర్సులందరినీ పిలిచి చెప్పారు. ఇక మీదట బయటి దేశాల రోగులు వస్తారు, అందరూ ఇంగ్లీషులో మాట్లాడాలి, దానికో పరీక్ష పెడతాం. నెగ్గినవాళ్లు ఇక్కడే ఉంటారు. తప్పినవాళ్లు వేరే ఊళ్లో ఉన్న శాఖకి వెళ్లాలి. ఆ ఊరు ఒక పూట ప్రయాణం. అక్కడ హాస్టల్లో ఉండాలి. పిల్లని వెంట తీసుకెళ్తే చూసేవాళ్లు లేరు. ఇక్కడ వదిలి వెళ్తే పిల్లకి తల్లి లేదు. మానేద్దామంటే ఒక్క లారీ మీద ఇల్లు నడవదు.

పరీక్షలో ఏం మాట్లాడాలో వాళ్లే ముందు చెప్పారు. ఏదైనా సాధించడానికి నువ్వు చేసిన ప్రయత్నం గురించి చెప్పాలి. ఆ తరువాత వాళ్లు అడిగినదానికి జవాబివ్వాలి. అంతే.

కోడలు ఇంగ్లీషు నేర్పే ఒక మాస్టారి దగ్గర చేరింది. డ్యూటీ దిగి అటే వెళ్లేది. ఇంటికొచ్చాక నేర్చుకున్నది పైకి చెప్పుకోవాలి కదా. లోపల చెబితే మా ఆవిడ నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వుతుంది. మేడమీద చెబితే పక్కింటివాళ్లు వింటారు. అందుకని నా దుకాణంలోకి వచ్చి స్టూలు మీద కూర్చునేది.

"మామయ్యా, మీరు పని ఆపకండి. మీ మానాన మీరు రాసుకోండి. నా మానాన నేను చెప్పుకుంటా."

నేను ఇత్తడి ముక్కని వైసులో బిగించి ఆకురాయితో రాసేవాణ్ని. గరగరమని ఆ చప్పుడు లేస్తే ఆమె గొంతూ లేచేది. నాకు అర్థం కాదు కాబట్టి సిగ్గు లేదు. చప్పుడు ఉంది కాబట్టి వీధిలోకి వినపడదు. బాగానే కుదిరిందనుకున్నాం.

మాస్టారు ఆమెకి ఒక సూత్రం చెప్పాడట. ఒకే మాట పదేపదే వాడితే మార్కులు పోతాయి, ప్రయత్నానికి ఇంగ్లీషులో బోలెడు మాటలున్నాయి, అన్నీ తలా ఒకచోట పడాలి అని. ఒకరోజు ఆ మాటలు నాకు వినిపించింది. మా ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది.

"ట్రై అంటే మామూలు ప్రయత్నం మామయ్యా."

"ఊఁ."

"అటెంప్ట్ అంటే ఒకసారి గట్టిగా పూనుకోవడం. అయితే అయినట్టు, లేకపోతే లేనట్టు."

"ఊఁ."

"స్ట్రైవ్ అంటే ఏళ్ల తరబడి పట్టు విడవకుండా చేయడం. స్ట్రగుల్ అంటే పెనుగులాట."

"ఆ రెండూ కలిపితే మీ మామగారితో నా కాపురం" అంది మా ఆవిడ.

"అత్తయ్యా! నవ్వించకండి, మర్చిపోతాను. ఇంకోటుంది, ఎండెవర్."

"అదేం పీకుతుంది?"

"అదీ ప్రయత్నమే. కానీ పెద్ద పెద్ద కంపెనీలు చేసేది. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న ట్రై అనుకోండి."

"ఓస్. అవన్నీ మనకి లేవేంటి?" మా ఆవిడ కత్తి పక్కన పెట్టి వేళ్లు ముడవడం మొదలుపెట్టింది. "కష్టపడటం. పాటుపడటం. తంటాలు పడటం. తిప్పలు పడటం. ఆరాటపడటం. ఆపసోపాలు పడటం. కిందామీదా పడటం."

"అన్నీ పడటాలే" అన్నాను నేను. "లేచేదెప్పుడు?"

ఇద్దరూ నావైపు చూశారు. నేను మాట్లాడితే మా ఇంట్లో అలాగే చూస్తారు.

మాటలు సరే, వాటిని పెట్టడానికి మాస్టారు ఒక కథ కూడా ఇచ్చాడు. నేను చిన్నప్పుడు ఒక కొండ ఎక్కాలనుకున్నాను, ట్రై చేశాను, అటెంప్ట్ చేశాను, కాలు జారింది, స్ట్రగుల్ చేశాను, శిఖరం చేరాను. మా కోడలు మేడమెట్లు ఎక్కితేనే మోకాలు పట్టుకుంటుంది. అయినా రోజూ సాయంత్రం నా బల్ల పక్కన కొండెక్కేది. ఎక్కడా తడబడకుండా, నీళ్లు తాగినట్టు చెప్పేది. నేను ఒక చెవి రాయడం పూర్తిచేసేసరికి ఆమె శిఖరం మీద ఉండేది.

పరీక్ష రోజు పొద్దున్నే వెళ్లింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. చెప్పులు విడవకుండానే వచ్చి దుకాణంలో స్టూలు మీద కూర్చుంది. మొహం చూసి మా ఆవిడ కూడా ఏమీ అడగలేదు.

"నోరు పెగల్లేదు మామయ్యా" అంది.

ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా చెప్పింది. అద్దాల గది. తలుపు వేస్తే ఈగ వాలినా వినపడేంత నిశ్శబ్దం. బల్లకి అవతల పరీక్ష పెట్టే ఆవిడ. మంచిదే, నవ్వుతూనే మొదలుపెట్టమంది. ఈమె మొదటి వాక్యం చెప్పింది. ఆ గదిలో తన గొంతు తనకే వినపడింది. అది ఎవరి గొంతో అనిపించింది. అంతే. కొండ లేదు, కాలు జారడం లేదు. మాటలన్నీ ఎటుపోయాయో పోయాయి. ఆవిడ మంచినీళ్లు ఇచ్చింది, కాసేపు ఆగింది, మళ్లీ అడిగింది. ఈమె గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"ఇంకోసారి అవకాశం ఇస్తారట. అందరికీ కలిపి వచ్చే నెల. అదే ఆఖరు."

"ఇంట్లో గడగడా చెప్పేదానివి కదే" అంది మా ఆవిడ, ఉండబట్టలేక.

"అదే కదత్తయ్యా నాకూ అర్థం కానిది."

మరుసటి రోజు నేను ఒక ఇంటి బీరువా తెరవడానికి వెళ్లాను. వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో కాపు కాస్తోంది.

"ఏమండీ, మీరు లేనప్పుడు అమ్మాయి అక్కడ కూర్చుని చెప్పబోయింది. ఒక్క ముక్క రాలేదు. మీరొకసారి వెళ్లి ఎప్పట్లా పనిలో కూర్చోండి."

నేను లోపలికి వెళ్లి బల్ల ముందు కూర్చున్నాను. ఆకురాయి తీసుకున్నాను. కోడలు చెప్పింది, నాలుగు మాటలు సాఫీగా వచ్చాయి. ఆకురాయి ఆపాను. ఆమె ఆగిపోయింది. మళ్లీ రాశాను. మళ్లీ మొదలుపెట్టింది. ఇంకోసారి ఆపాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

చప్పుడు చాటున నేర్చుకున్న మాటలు చప్పుడు లేనిచోట గడప దాటలేదు. ఇంత చిన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఎదురుగా వాచీలు బాగుచేసే ఆయన ఉన్నాడు. మా వీధిలో ఏ ఇంట్లో ఏం జరిగినా ఆయనకి ముందు తెలుస్తుంది. రోడ్డు దాటి వచ్చి మరీ సలహా ఇచ్చాడు.

"ఇందులో ఏముంది బావా. పరీక్ష రోజు నువ్వూ వెళ్లు. ఆ అద్దాల గది బయట కూర్చుని గరగరా రాయి. అమ్మాయి లోపల గడగడా చెబుతుంది."

"అక్కడ వాచ్‌మన్ ఊరుకుంటాడా?" అన్నాను.

"అయ్యో, ఈయన నిజంగానే ఆలోచిస్తున్నాడమ్మా!" అని మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. "అన్నయ్యా, మీకు దండం పెడతా, ఈయనకి ఐడియాలివ్వకండి. రేపు వైసు కూడా విప్పుకుని బయల్దేరతాడు."

నిజమే. ఆలోచించాను.

ఆ సాయంత్రం ఆకురాయి సొరుగులో పెట్టి మూశాను. స్టూలు నాకెదురుగా వేయించాను. కిటికీ తలుపులు మూసేశాం. "చెప్పమ్మా" అన్నాను.

ఆమె నోరు తెరిచింది, మూసింది. నేను చూస్తూ కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్లలో పని లేకుండా ఒక మనిషికి ఎదురుగా కూర్చున్నది లేదు. పెళ్లిచూపుల్లో కూడా పక్కకి తిరిగి కూర్చున్నానని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

ఆమె చెప్పదు. నేను అడగను. గోడ మీద చెవులు మమ్మల్ని చూస్తున్నాయి.

మా ఆవిడ లోపలినుంచి, "అయిందా?" అంది.

"మొదలవలేదు" అన్నాను.

"ఇద్దరు మూగవాళ్లని ఒక గదిలో పెడితే ఏం మొదలవుతుంది? ఏదో ఒకటి అడగండి మీరు. ఆవిడ అడుగుతుందట కదా."

"నాకు ఇంగ్లీషు రాదే."

"తెలుగు వచ్చా?"

అది రెండు రోజులు అలాగే సాగింది. మూడో రోజో నాలుగో రోజో, కోడలు మళ్లీ కొండ దగ్గరే ఆగిపోయి కళ్లు తుడుచుకుంటుంటే, నాకు ఆ కొండ మీద ఒళ్లు మండింది.

"ఏ కొండమ్మా అది?"

"ఏదో కొండ మామయ్యా. మాస్టారు చెప్పింది."

"ఎంత ఎత్తు?"

"తెలీదు."

"కాలు జారి ఎక్కడ పడ్డావు?"

ఏడుపులోంచి నవ్వొచ్చింది ఆమెకి. "నేనెక్కడ ఎక్కాను మామయ్యా, జారడానికి?"

"మరి ఎక్కని కొండ గురించి ఆవిడ ఏమడిగినా ఏం చెబుతావు? నువ్వు నిజంగా కష్టపడింది ఏదీ లేదా?"

ఆమె ఆలోచించింది. "ఆసుపత్రిలోవి ఉన్నాయి. కానీ అవి చెప్పుకునేంత పెద్దవి కాదు."

"నాకు చెప్పు. తెలుగులోనే."

అప్పుడు చెప్పింది. వార్డులో ఒక ముసలాయన ఉండేవాడు. బస్సు కండక్టరుగా చేసి మానేసినవాడు. పడి తుంటి విరిగితే ఆపరేషను చేశారు. లేచి నడిస్తే బాగవుతుంది. ఆయన లేవడు. డాక్టరు బతిమాలాడు, కూతురు ఏడ్చింది, ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. కోడలికి ఆ వార్డు డ్యూటీ పడింది. మంచిగా చెప్పింది. కోప్పడింది. కర్ర తెచ్చిచ్చింది, విసిరేశాడు. కిటికీ దాకా వస్తే వీధి కనపడుతుందంది, నేను చూడని వీధా అన్నాడు.

"తరవాత?" అన్నాను.

"తరవాత ఒకరోజు వార్డు చివర తలుపు దగ్గర నిలబడి, చేతిలో సంచి పట్టుకుని, గట్టిగా అరిచాను. ఓ కండక్టరు గారూ, నేను దిగిపోతున్నా, టికెట్టు తీసుకోలేదు, అని."

"అయితే?"

"మంచం మీద ఇటు తిరిగాడు. ఎవరే అది అన్నాడు. నేను ఒక కాలు బయట పెట్టాను. ఆయన దుప్పటి తన్నేశాడు. ఆగు, ఆగక్కడ, అని లేచాడు మామయ్యా! మంచం పట్టుకుని, పక్క మంచం పట్టుకుని, తిట్టుకుంటూ, మధ్యలో రోగుల్ని లోపలికి జరగండి జరగండి అంటూ..."

మా ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసింది. "వచ్చాడా?"

"తలుపు దాకా వచ్చాడత్తయ్యా. వచ్చి చెయ్యి చాపాడు. చిల్లర లేదన్నాను. వార్డంతా నవ్వు."

"ఓరి దేవుడా. ఇంత కథ ఇంట్లో ఉంచుకుని కొండలెక్కుతున్నావా నువ్వు?"

"ఇప్పుడు ఇంగ్లీషులో చెప్పు" అన్నాను నేను. "నేను ఇలాగే అడుగుతా."

మొదట్లో కుంటింది, ఆ ముసలాయనలాగే. నాలుగు మాటలు, ఒక ఆగడం. ఆగినప్పుడల్లా నేను "తరవాత?" అనేవాణ్ని. ఆమె నాకు దానికి ఇంగ్లీషు నేర్పింది. ద్వెన్ అన్నాను, కాదు దెన్ అంది. "వాట్ దెన్" దాకా వచ్చాను. మా ఆవిడ అది విని పిల్లకి కూడా నేర్పింది. అన్నం పెడుతుంటే ముద్ద ముద్దకీ వాట్ దెన్ అనేది ఆ బుడ్డిది.

నాకు మాటలు కూడబలుక్కోవడం ఇబ్బందే. ఒక ప్రశ్న అడిగి రెండోది వెతుక్కునేసరికి చెమటలు పట్టేవి. కానీ నేను ఆగితే ఆమె ఆగిపోతుంది. అందుకని అడుగుతూనే ఉండేవాణ్ని. కర్ర ఏ రంగు? కూతురు రోజూ వచ్చేదా? పక్కమంచం ఆయన ఏమన్నాడు? అక్కరలేనివన్నీ అడిగాను. అన్నిటికీ ఆమె దగ్గర జవాబుంది. చూసిన సంగతి కదా, ఎక్కడ తవ్వినా నీళ్లు పడేవి.

"మామయ్యా, ఇందులో స్ట్రైవ్ పట్టడం లేదు. ఎండెవర్ కూడా" అని ఒకరోజు దిగులుపడింది. "అంతా ట్రై, ట్రై, ట్రై అనే వస్తోంది. మాస్టారు మార్కులు పోతాయన్నారు."

"ఎన్నిసార్లు చేశావు నువ్వు?"

"చాలాసార్లు."

"మరి అన్నిసార్లూ చెప్పాలి కదా."

 ఆ తరువాత ఆమె ఆ రెండు మాటల కోసం వెతకడం మానేసింది.

రెండో పరీక్షకి నేనూ వెళ్లాను. ఆకురాయి తీసుకెళ్లడం లేదని మా ఆవిడ నా సంచి తడిమి చూసి పంపింది. లోకల్ రైల్లో కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి. నెల రోజులుగా ఆమె కంటినిండా నిద్రపోలేదు. డ్యూటీలో నిలబడే కునుకు తీస్తున్నానని మా ఆవిడతో చెప్పిందట.

ఆసుపత్రి పై అంతస్తులో వరండా. గోడ వెంట బెంచీలు. నర్సులు వరసగా కూర్చున్నారు. ఒకమ్మాయి ఉంగరం తీస్తోంది, పెట్టుకుంటోంది. ఇంకొకామె గోడకి తిరిగి గొణుక్కుంటోంది. నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్ తలుపు తీసి కోడల్ని పిలిచింది. లేచింది, నావైపు చూసింది. ఏదైనా అనాలి. ఏమీ తోచలేదు. తల ఊపాను. ఆమె లోపలికి వెళ్లింది. తలుపు పడింది.

అద్దాల గదే గానీ అద్దాలకి పాలరంగు. లోపల నీడలు తప్ప ఏమీ కనపడవు. ఒక నీడ కూర్చుంది. ఇంకో నీడ కూర్చుంది. మేట్రన్ నీడ తలుపు దగ్గరే నిలబడింది. శబ్దం లేదు.

నా చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఇప్పుడు కండక్టరు మంచం మీద ఉండాలి, అనుకున్నాను. ఇప్పుడు కర్ర విసిరేసి ఉండాలి. లోపల నీడ కదల్లేదు. మొదటిసారి కూడా ఇలాగే గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ ఊరి హాస్టలు కళ్ల ముందుకొచ్చింది, నేను చూడనే లేదు దాన్ని. పిల్ల గుమ్మంలో నిలబడి అమ్మేదని అడుగుతోంది. 

అంతలో లోపల ఎవరో నవ్వారు. పెద్దగా, పగలబడి. మా కోడలి నవ్వు కాదు.

 కోడల్ని చూసి నవ్వుతున్నారనుకున్నాను. లేచి నిలబడ్డాను. తలుపు తోసుకుని వెళ్లి ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేద్దాం, ఉద్యోగం పోతే పోయింది అనిపించింది. ఒక అడుగు వేశాను కూడా.

అప్పుడు అద్దంలో మా కోడలి నీడ లేచింది. ఒక చేతిలో సంచి పట్టుకున్నట్టు, ఒక కాలు ముందుకు పెట్టింది. చెయ్యెత్తింది. రెండో నీడ కుర్చీలో వెనక్కి వాలి మళ్లీ నవ్వింది.

నేను కూర్చున్నాను. 

తలుపు తెరుచుకుంది. మేట్రన్ కూడా కోడలి వెనకే బయటికొచ్చింది.

"మీరు మామగారా? మీ అమ్మాయి ఇక్కడే ఉంటుంది. పాత వార్డే. పగటి డ్యూటీ" అంది. "పరీక్ష పెట్టినావిడ నవ్వి నవ్వి ఇంకా కళ్లు తుడుచుకుంటోంది లోపల. ఆ ముసలాయన ఇప్పుడెలా ఉన్నాడని అడుగుతోంది."

కోడలు నాముందు నిలబడింది. మొహం అంతా చెమట. చల్లటి గదిలోంచి వచ్చిన మనిషికి.

"మధ్యలో ఒకచోట ఆగిపోయాను మామయ్యా. చచ్చాననుకున్నా. ఆవిడ ముందుకి వంగి, తరవాత ఏమైంది, అంది. అచ్చం మీలాగే. ఇంక ఆగలేదు."

మెట్లు దిగాం. మధ్యలో ఆమె ఒక మెట్టు మీద కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను. వచ్చేవాళ్లు పోయేవాళ్లు తప్పుకుని వెళ్తున్నారు. ఆమె ఏడవలేదు, నవ్వలేదు. ఊపిరి పీల్చుకుంది, వదిలింది. బరువైన మూట దించినవాళ్లు అలాగే కూర్చుంటారు. లేచి స్టేషనుకి నడిచాం.

మధ్యాహ్నం రైలు, ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కూర్చోగానే ఆమె తల వాలిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. చేతిలో సంచి జారుతుంటే తీసి నా ఒళ్లో పెట్టుకున్నాను. స్టేషన్లు వస్తున్నాయి, పోతున్నాయి. గాలికి జుట్టు మొహం మీద పడుతున్నా ఆమెకి తెలియడం లేదు.

మా స్టేషను వచ్చింది. ఆమెని చూశాను. రైలు బయల్దేరింది. కూర్చునే ఉన్నాను.

చివరి స్టేషన్లో అందరూ దిగారు. ఊడ్చే ఆయన వచ్చి, "దిగరా పెద్దాయనా?" అన్నాడు. నేను కోడలి వైపు చూపించి వేలు పెదవుల మీద పెట్టుకున్నాను. ఆయన మా కాళ్ల చుట్టూ చిన్నగా ఊడ్చి వెళ్లిపోయాడు. కాసేపటికి అదే రైలు వెనక్కి కదిలింది.

సంచిలో ఆమె ఫోను మోగింది. నాకు దాన్ని నొక్కడం రాదు. ఆగి మళ్లీ మోగింది. ఆమె ఉలిక్కిపడి లేచి కిటికీలోంచి చూసింది. స్టేషన్లన్నీ తిరగబడి వస్తున్నాయి.

"ఎక్కడున్నాం మామయ్యా? ఇంకా రాలేదా?"

"వచ్చాం. వెళ్లాం. మళ్లీ వస్తున్నాం."

ఆమె నన్ను కాసేపు చూసింది. అర్థమై నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫోను ఇంకా మోగుతోంది. తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"అత్తయ్యా..."

అవతల మా ఆవిడ ఏమంటోందో రైలు చప్పుడులో కూడా నాకు వినపడుతోంది. ఎక్కడ చచ్చారు ఇద్దరూ, పొద్దుటినుంచి పొయ్యి కూడా వెలిగించలేదు నేను, అని.

"వెలిగించండత్తయ్యా" అంది కోడలు. "నేనెక్కడికీ వెళ్లట్లేదు. ఇక్కడే ఉంటున్నాను."

అవతల ఏమీ వినపడలేదు. లైను పోయిందేమోనని కోడలు ఫోను తీసి చూసింది. లైను ఉంది.